పాలకొల్లు డాక్టరు గారి ముచ్చట

మంటకి మరీ దగ్గరగా జరక్కండర్రా, గాలి సముద్రం మీంచి కొడుతోంది, నిప్పురవ్వలు ఇటే వస్తాయి. పుదుచ్చేరి పక్కన ఈ వీరాంపట్టినంలో భోగి అంటే తెల్లారకుండానే పిల్లలు డప్పులు వాయించుకుంటూ పాత చాపలూ గుడ్డలూ కాల్చేసి వెళ్ళిపోతారు. మన వాకిట్లో మాత్రం యానాం పద్ధతే. పిడకల దండ వెయ్యాలి, మంట చుట్టూ కూర్చోవాలి, పెద్దవాళ్ళు ఏదో ఒక పాత కబురు ఎత్తాలి. ఇవాళ ఏ కబురు ఎత్తాలో రాత్రే అనుకున్నాను. ఒరేయ్ పెద్దోడా, అన్నం దగ్గర మీ నాన్న నీ మీద కేకలేశాడే, ఆ సంగతే. డాక్టరు చదువు చదివి స్టేజీ ఎక్కి జనాన్ని నవ్విస్తానంటావేంట్రా అన్నాడు. నువ్వు కంచం వదిలేసి లేచిపోయావు. అది తప్పు, అన్నం మీద అలగకూడదు. కానీ మీ నాన్న అన్నమాటకి జవాబు నా దగ్గరుంది, విను.

మన తెలుగువాళ్ళలో డాక్టరు మొహానికి రంగేసుకోవడం నీతో మొదలవ్వలేదు. తెనాలిలో గోవిందరాజుల సుబ్బారావు గారని ఉండేవారు, వైద్యం చేసుకునే మనిషి. 1938లో 'మాలపిల్ల'లో వేశారు, 1950లో 'షావుకారు'లో చెంగయ్య. 1955లో 'కన్యాశుల్కం' సినిమా వచ్చినప్పుడు లుబ్ధావధాన్లు ఆయనే. ముసలితనం, పిసినారితనం, పెళ్ళి మీద యావ, ఆ మూడూ ఒక్క మొహంలో చూపించారు. జనం నవ్వుతూనే అసహ్యించుకున్నారు, అసహ్యించుకుంటూనే జాలిపడ్డారు. అలా చెయ్యడం తేలిక కాదు.

ఆ తరవాత గరికపాటి రాజారావు గారు. ఆయనా డాక్టరే. ప్రజా నాట్యమండలిని ముందుండి నడిపిన మనిషి. ఆ రోజుల్లో సుంకర, వాసిరెడ్డి కలిసి రాసిన 'మా భూమి' నాటకం ఊరూరా ఆడుతుంటే మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. డబ్బున్నవాడు మందు కొనుక్కుంటాడు, లేనివాడికి వచ్చిన జబ్బుకి కారణం ఊళ్ళోనే ఉంది, అది చూపించాలంటే నాటకం కావాలి. ఆయన మనసులో ఇదే ఉండేదని నా నమ్మకం. 1953లో ఆయన 'పుట్టిల్లు' అని సినిమా తీశారు. జమున గారికి అదే మొదటి సినిమా. దాంతోనే ఇంకొక మనిషి కూడా తెర మీదికి వచ్చాడు. పాలకొల్లు అల్లు రామలింగయ్య.

ఆగరా, అల్లు డాక్టరేమిటి అని నవ్వకు. అక్కడికే వస్తున్నాను.

అల్లు రామలింగయ్య గారు 1922 అక్టోబరు 1న పాలకొల్లులో పుట్టారు. చిన్నప్పుడే నాటకాల పిచ్చి. 'భక్త ప్రహ్లాద' నాటకంలో బృహస్పతి వేషానికి ఆయనకెవరూ డబ్బివ్వలేదట, ఆయనే 3 రూపాయలు ఎదురిచ్చుకున్నారట. ఆ డబ్బు కోసం ఇంట్లో బియ్యం తీసుకెళ్ళి అమ్మేశారని మా గోదావరి వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. తరవాత పెళ్ళాం పిల్లలతో మద్రాసు చేరి అవస్థలు పడ్డారు. ఎదిగే పిల్లలున్న ఇంట్లో వేషాల మీద బతకడమంటే ఏమిటో మీ నాన్నకి తెలుసు, అందుకే ఆయన భయం. దాన్ని కోపం అనుకోకు.

ఆ మద్రాసులోనే ఆయన హోమియో వైద్యం పట్టుకున్నారు. కాస్త తీరిక దొరికితే చాలు, డబ్బు పుచ్చుకోకుండా మందిచ్చేవారు. ఇవాళ రాజమండ్రిలో ఉన్న ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలకి ఆయన పేరే, డాక్టర్ అల్లు రామలింగయ్య అని. ఒక హాస్యనటుడి పేరు మీద వైద్య కళాశాల! ఆ తెల్ల మాత్రల గుణం మీద నువ్వు చదివే జిప్మర్ ఆసుపత్రి పెద్దలకి వేరే మాట ఉంటుంది, ఆ తగవు మీరూ మీరూ చూసుకోండి. నాకు కావలసింది ఇంకొకటి. హోమియో డాక్టరు దగ్గర కూర్చున్నావా ఎప్పుడైనా? మందు కంటే ప్రశ్నలెక్కువ. నిద్ర ఎలా పడుతుంది, ఏ పక్కకి తిరిగి పడుకుంటావు, చలి గిట్టదా వేడి గిట్టదా, తీపి మీద మనసా పులుపు మీదా, కోపమొస్తే అరుస్తావా లోపల దాచుకుంటావా. మనిషి మొత్తాన్ని విప్పి చూడాలి. రామలింగయ్య గారి వేషాలు చూడు. 'ముత్యాల ముగ్గు'లో జోగినాథం, 'మాయాబజార్'లో వంగర వారి శాస్త్రి పక్కన శర్మ, ఇంకా ఊళ్ళో తగువులు పెట్టే ముసలాడు, వడ్డీలెక్కలవాడు, పైకి భక్తి లోపల కుళ్ళు ఉన్నవాడు. ఒక్కొక్కడి నడక వేరు, చూపు వేరు, మాట విరుపు వేరు. ఆ మనుషుల్ని ఆయన ఊరికే చూడలేదు, రోగిని చూసినట్టు చూశారు. వెయ్యికి పైగా సినిమాలు అలా నిలబడ్డాయి.

నువ్వు ఆసుపత్రిలో చూస్తున్నది కూడా అదే కదరా. మన యానాం నుంచి 800 కిలోమీటర్లు బస్సులో వచ్చి, అరవం రాక, ఓపీ చీటీ చేతిలో పట్టుకుని నిలబడే అవ్వని మొన్న నువ్వు నవ్వించావని చెప్పావు. ఆవిడ నవ్వాకే నొప్పి ఎక్కడుందో సరిగ్గా చెప్పిందన్నావు. ఆ మాట నేను మర్చిపోలేదు. 1823లో ఫ్రెంచివాళ్ళు పుదుచ్చేరిలో వైద్యం బడి పెట్టినప్పటి నుంచీ అక్కడ ఎంతమంది డాక్టర్లు తయారయ్యారో. భాష రాని రోగిని కూర్చోబెట్టి కబుర్లు చెప్పినవాళ్ళు వాళ్ళలో ఎందరుంటారు!

నవ్వు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, పక్కవాళ్ళు ఉండాలి. 'మాయాబజార్' విడిదింట్లో ఆ శర్మా శాస్త్రీ పడే అవస్థ గుర్తు చేసుకో, ఒకడు లేకపోతే రెండోవాడి మీద నవ్వు పుట్టదు. ఆ రోజుల్లో హాస్యనటులందరూ ఎక్కడెక్కడి నుంచో వచ్చి కలిసినవాళ్ళే. రమణారెడ్డి గారు శానిటరీ ఇన్‌స్పెక్టరు, రాజబాబు గారు బడిపంతులు. తరవాతి రోజుల్లో బ్రహ్మానందం గారు అత్తిలిలో తెలుగు లెక్చరరు. హాస్యం జోలికి రాకపోయినా సోమయాజులు గారి సంగతీ అంతే, డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేస్తూనే శంకరశాస్త్రి అయ్యారు. 'శంకరాభరణం'లో ఆ శంకరశాస్త్రి పక్కన స్నేహితుడు ప్లీడరు మాధవయ్య ఎవరు? మన అల్లు వారే. జీవితమంతా కుత్సితుల వేషాలు వేసిన మనిషి, ఆ సినిమాలో స్నేహితుడి కష్టానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, హాలులో నా పక్కవాడు ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. నవ్వించడం తెలిసినవాడికే అలా ఏడిపించడం వస్తుందని నాకు ఆ పూట తెలిసింది.

ఆ సినిమా 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. అదే నెల 20న ఆయన కూతురు సురేఖ గారి పెళ్ళి చిరంజీవి గారితో. మామా అల్లుళ్ళు అంతకు ముందే, 1978లో, బాపు గారి 'మనవూరి పాండవులు'లో కలిసి వేశారు. కొడుకు అరవింద్ గారి గీతా ఆర్ట్స్ 1972లో మొదలైంది. ఆ సంస్థ తొలి సినిమా 'బంట్రోతు భార్య'కి దర్శకుడు దాసరి నారాయణరావు గారు, ఆయనదీ పాలకొల్లే. చూశావా, ఊరి స్నేహం మద్రాసు దాకా వెళ్ళి పని చేసింది. మనవడు అల్లు అర్జున్‌కి 2023లో ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు ప్రకటించారు, తెలుగు హీరోల్లో ఆ గౌరవం అందుకున్న మొదటివాడు. తాతగారికి 1990లో పద్మశ్రీ, 2001లో రఘుపతి వెంకయ్య అవార్డు. 2013లో సినిమా నూరేళ్ళ తపాలా బిళ్ళల్లో ఆయన బొమ్మ వేశారు. ఇంత వైభవం ముందే కనపడితే ఏ తండ్రి కాదంటాడు? కనపడని రోజుల్లో ఆ ఇల్లు నెట్టుకొచ్చింది రామలింగయ్య గారి భార్య కనకరత్నమ్మ గారు. ఇలాంటి ఆడవాళ్ళ కష్టం గురించి ఎవరూ రాయరు, నేను మాత్రం చెప్పకుండా ఊరుకోను.

ఆయన 2004 జూలై 31న పోయారు. ఆ ఏడాది డిసెంబరులోనే మన ఈ తీరానికి సునామీ వచ్చింది. మీరు చిన్నపిల్లలు, మీకేం గుర్తుంటుంది. పడవలు విరిగిపోయాయి, వలలు ఇసకలో కూరుకుపోయాయి. జాలర్లు రోజులకొద్దీ సముద్రం వైపు చూసేవాళ్ళు కాదు. ఒక సాయంత్రం చిరిగిన వల ముడేసుకుంటూ నలుగురు కూర్చున్నారు, నేనూ వాళ్ళ దగ్గరే ఉన్నాను. వాళ్ళలో పెద్దాయన సముద్రాన్ని ఇంటికొచ్చి గొడవపెట్టే బావమరిదిని తిట్టినట్టు తిట్టాడు, వరస పెట్టి, అరవంలో. ముందు ఎవరూ పలకలేదు. తరవాత ఒకడికి నవ్వాగలేదు, ఆ వెంటనే అందరికీ. మర్నాడు వాళ్ళు పడవ బాగుచేయించే లెక్కలు మాట్లాడుకున్నారు. నేను కళ్ళారా చూసింది అది. అక్కడ మాత్ర లేదు, సూది లేదు. కానీ నవ్వించినవాడు వాళ్ళవాడు, వాళ్ళతో పాటు వల పోగొట్టుకున్నవాడు. బయటివాడు ఆ మాట అనుంటే తన్నేవాళ్ళు. స్టేజీ ఎక్కేముందు నువ్వు ఆలోచించుకోవలసింది ఇదేరా. నీ రోగుల మీద జోకులేస్తే నేనే ముందు లేచి వెళ్ళిపోతాను. నీ మీద, మా మీద, ఓపీ చీటీల మీద, మీ ఆసుపత్రి క్యూల మీద వెయ్యి, ముందు వరసలో కూర్చుంటాను.

ఇంకొక మాట. రామలింగయ్య గారు వేషాల కోసం వైద్యం వదల్లేదు, వైద్యం కోసం వేషాలు వదల్లేదు. గోవిందరాజుల వారినీ చివరిదాకా డాక్టరు గారనే పిలిచారు. చదువు మధ్యలో ఆపొద్దు. హౌస్ సర్జన్సీ పూర్తి చెయ్యి, పట్టా చేతికి రానీ. శనివారం రాత్రులు నీవి, ఎవరడ్డొస్తారో చూద్దాం. మీ నాన్నకి నేను చెబుతాను, నువ్వు పక్కన నోరు మూసుకుని కూర్చో. ఆయన మెత్తబడితే వేసవిలో అందరం యానాం వెళ్దాం. వారధి దాటి ఎదుర్లంక, అమలాపురం మీదుగా దిండి, చించినాడ వంతెన దాటితే పాలకొల్లు. క్షీరారామంలో దణ్ణం పెట్టుకుని, అట్నుంచి రాజమండ్రి వెళ్ళి ఆ కళాశాల బోర్డు దగ్గర మీ నాన్నని నిలబెట్టి ఫోటో తీద్దాం. అమ్మాయ్, పిల్లలకి నలుగు పెట్టే వేళయింది, నీళ్ళు కాగాయేమో చూడు.