ఖండన, శ్రవణం: తరంగంబాడి లూథరన్ మిషన్ పరమత దృష్టి – తొలి తెలుగు ముద్రణ

క్రైస్తవ మిషనరీలు పరమతస్థులను ఎలా చూశారన్న ప్రశ్నకు మన సాహిత్య చరిత్రల్లో సాధారణంగా రెండు సమాధానాలు కనిపిస్తాయి. అచ్చుయంత్రాన్ని, వ్యాకరణాలను, నిఘంటువులను అందించి దేశభాషలకు మేలు చేసినవారన్నది మొదటిది. స్థానిక విశ్వాసాలను నిందించి, మతమార్పిడి కోసమే భాషను వాడుకున్నారన్నది రెండవది. రెండింటికీ ఆధారాలున్నాయి. అయితే ఈ రెండు సమాధానాలూ ఆదరించినవారు ఒకరు, నిందించినవారు మరొకరు అన్న భావాన్ని కలిగిస్తాయి. 18వ శతాబ్ది పూర్వార్ధంలో తరంగంబాడి కేంద్రంగా సాగిన లూథరన్ మిషన్ చరిత్ర ఈ విభజనకు లొంగదు. అక్కడ వినడం, ఖండించడం ఒకే వ్యక్తి చేతిమీదుగా, కొన్నిసార్లు ఒకే ఏడాదిలో జరిగాయి. తెలుగు తొలి ముద్రిత గ్రంథాలు ఈ మిషన్ పరంపర నుంచే వెలువడ్డాయి కనుక, ఆ వైరుధ్య స్వరూపాన్ని నిర్ణయించడం తెలుగు సాహిత్య చరిత్రకు కూడా అవసరం.

చారిత్రక నేపథ్యం

తంజావూరు నాయకరాజు, 'వాల్మీకి చరిత్ర' కర్త అయిన రఘునాథ నాయకుడు 1620లో డెన్మార్కు వారితో చేసుకున్న ఒడంబడికతో తరంగంబాడి డేనిష్ వర్తక స్థావరమయింది. వర్తకుల దృష్టి సరుకుల మీదే ఉండటంతో సుమారు ఎనిమిది దశాబ్దాలకు పైగా అక్కడ మతప్రచారానికి ప్రాధాన్యం దక్కలేదు. డెన్మార్కు రాజు నాలుగవ ఫ్రెడరిక్ పంపగా బార్తలోమియో జీగెన్‌బాల్గ్, హైన్రిచ్ ప్లూట్‌షౌ అనే ఇద్దరు జర్మన్ యువకులు 1706 జూలై 9న అక్కడ దిగారు. వీరు ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే నాయకత్వంలో హాలే నగరం కేంద్రంగా సాగుతున్న భక్తివాద ఉద్యమానికి చెందినవారు. ఆచారం కన్నా హృదయ పరివర్తన ముఖ్యమన్నది ఆ ఉద్యమ సిద్ధాంతం.

ఈ సిద్ధాంతానికి ఒక భాషాపరమైన పర్యవసానం ఉంది. మనిషి మనసు మారాలంటే ఆ మనిషి భాషలోనే మాట్లాడాలి. అందుకే జీగెన్‌బాల్గ్ వీధిబడి పిల్లల పక్కన కూర్చుని ఇసుకలో తమిళ అక్షరాలు దిద్దాడు. రెండేళ్ళు తిరిగేసరికి తాను సేకరించిన గ్రంథాల పట్టికను 1708లో తయారుచేశాడు. అందులో హిందువులు రాసిన తమిళ గ్రంథాలే వందకు పైగా ఉన్నాయి. అదే ఏడాది 'నీతివెణ్బా', 'కొన్ఱైవేందన్', 'ఉలకనీతి' అనే మూడు నీతిగ్రంథాలను జర్మన్‌లోకి అనువదించాడు. ఈ దేశస్థులు అనాగరికులనుకునే యూరప్ పండితులకు వారి నీతిజ్ఞానాన్ని చూపించడం ఆ అనువాదాల ఉద్దేశం.

క్రైస్తవుల మధ్యనే ఉన్న భేదాలను కూడా ఇక్కడ గమనించాలి. డేనిష్ కోట అధికారికీ జీగెన్‌బాల్గ్‌కూ మధ్య తలెత్తిన ఘర్షణ ఫలితంగా 1708 నవంబరు నుంచి సుమారు నాలుగు నెలల పాటు అతడు నిర్బంధంలో ఉన్నాడు. బంధించినవారు అతని మతస్థులే. మరోవైపు కాథలిక్ మిషనరీలకు, లూథరన్లకు మధ్య వాదం తీవ్రంగా సాగింది. వీరమామునివర్‌గా తమిళ సాహిత్యంలో ప్రసిద్ధుడైన బెస్కీ 'వేదవిళక్కం' రాసింది తరంగంబాడి లూథరన్లను ఖండించడానికే. కనుక ఆనాటి క్రైస్తవులందరికీ పరమతం పట్ల ఒకే వైఖరి ఉందనుకోవడానికి వీల్లేదు. 'పరమతం' అంటే హిందూమతం, ఇస్లాం మాత్రమే అనుకోవడానికీ వీల్లేదు.

విగ్రహభంజనం నుంచి లేఖల దాకా

జీగెన్‌బాల్గ్ తొలినాళ్ళ వైఖరిని తెలిపే ఘటన ఒకటి అతని ఉత్తరాల్లోనే ఉంది. ఒక గుడి దగ్గర కనిపించిన మట్టిబొమ్మలు కొన్నింటిని అతడు పడదోశాడు, కొన్నింటి తలలు విరగగొట్టాడు. తమను తాము కాపాడుకోలేని ఇవి దేవుళ్ళెలా అవుతాయని చూపడం అతని ఉద్దేశం. అక్కడికి వచ్చిన ఒక విద్యావంతుడు, అవి దేవుళ్ళు కావనీ దేవుడి బంట్లనీ బదులిచ్చాడు. విరగగొట్టింది దేనినో విరగగొట్టినవాడికే తెలియదని ఆ ఒక్క మాటతో తేలిపోయింది. ఆ జవాబును దాచకుండా జీగెన్‌బాల్గ్ యూరప్‌కు రాయడం విశేషం.

1712 నుంచి సాగిన ఉత్తర ప్రత్యుత్తరాలను ఈ నేపథ్యంలో చూడాలి. జీగెన్‌బాల్గ్, అతని సహచరుడు గ్రుండ్లర్ స్థానిక విద్యావంతులకు ప్రశ్నలు రాసి పంపి, సమాధానాలు తెప్పించుకున్నారు. దేవుడు, ఆత్మ, పూజావిధానాలు, ఆచారాలు, వైద్యం, విద్య మొదలైన విషయాలపై వచ్చిన 99 లేఖలు జర్మన్‌లోకి అనువాదమై హాలేలో రెండు భాగాలుగా వెలువడ్డాయి. రాసినవారి పేర్లు ప్రకటించలేదు.

ఈ లేఖల్లో క్రైస్తవం మీద విమర్శ స్పష్టంగా ఉంది. మీ బోధలో మంచి ఉండవచ్చు గానీ మీ నడవడిలో అది కనిపించదన్నది అందులోని ప్రధాన ఆక్షేపణ. గోమాంస భక్షణ, తాగుడు, శుచి లేకపోవడం వంటి ఐరోపావారి అలవాట్లను లేఖకులు ఎత్తిచూపారు. ఏ మతంలో పుట్టినవాడు ఆ మతంలోనే సత్కర్మల ద్వారా తరించవచ్చన్న వాదనను కూడా ముందుకు తెచ్చారు. మొదటిది ఆచరణ మీద విమర్శ, రెండవది సిద్ధాంతం మీద విమర్శ. క్రీస్తు ద్వారా మాత్రమే రక్షణ అన్న మిషన్ మూలసూత్రాన్నే రెండవది ప్రశ్నిస్తుంది. అయినా రెండూ అచ్చులోకి వెళ్ళాయి.

ఈ ప్రచురణను నిష్పక్షపాత సంభాషణగా భావించలేం. ప్రశ్నలను ఎంచుకున్నవారు, అనువదించినవారు, అడుగున వ్యాఖ్యలు చేర్చినవారు మిషనరీలే. లేఖకుడి మాట పుట పైభాగంలో ఉంటే, దాన్ని సరిదిద్దే మిషనరీ మాట కింద ఉంటుంది. అయినప్పటికీ ఎదుటివాడి ఆక్షేపణ ఎదుటివాడి వాదక్రమంలోనే పాఠకుడికి చేరింది. కింది వ్యాఖ్య ఎంత గట్టిగా ఖండించినా, పైనున్న మాటను చదివినవాడు దాన్ని మరచిపోనక్కరలేదు.

1713: ఒకే కలం, రెండు గ్రంథాలు

మిషన్ వైరుధ్యం 1713లో పరాకాష్ఠకు చేరింది. ఆ ఏడాది జీగెన్‌బాల్గ్ దక్షిణ భారత దేవతల వంశావళిని జర్మన్‌లో పూర్తిచేశాడు. శివకేశవుల నుంచి గ్రామదేవతల వరకు పేర్లు, రూపాలు, పూజలు, పండుగలు అందులో క్రమంగా వర్ణితమయ్యాయి. తన అభిప్రాయాన్ని వినిపిస్తూనే, స్థానిక గ్రంథాలను, లేఖలను అతడు ఆధారంగా తీసుకున్నాడు.

అదే ఏడాది హాలే నుంచి వచ్చిన తమిళ అక్షరాలతో తరంగంబాడిలో అచ్చుపని మొదలైంది. అక్కడ తొలుత వెలువడిన చిన్న పుస్తకాల్లో ఒకటి 'అక్కియానం', అంటే అజ్ఞానం. అన్యమతం ఎంత హేయమైనదో, అందులో ఉన్నవారు ఎలా బయటపడాలో అది బోధిస్తుంది. యూరప్ పాఠకుడికి జర్మన్‌లో ఈ ప్రజల మతాన్ని వివరించాలనీ, తమిళ పాఠకుడికి తమిళంలో ఆ మతాన్ని వదిలిపెట్టమని చెప్పాలనీ ఒకే మనిషి ఒకే ఏడాది సంకల్పించాడు. దీన్ని కపటమనడం సులభమే కానీ సరికాదు. తెలుసుకోవడం మార్చడం కోసమేనని అతడు నమ్మాడు. అయితే తెలుసుకునే కొద్దీ చేతికందిన సమాచారం ఆ ప్రయోజనాన్ని మించిపోయింది.

ఆ మితిమీరడాన్ని హాలే గుర్తించింది. మిషనరీలను పంపింది అన్యమతాన్ని నిర్మూలించడానికే గానీ, దాని కల్పనలను యూరప్‌లో వ్యాపింపజేయడానికి కాదన్న అభిప్రాయంతో ఫ్రాంకే ఆ వంశావళిని అచ్చువేయించలేదు. జీగెన్‌బాల్గ్ 1719లో మరణించాడు. గ్రంథం 1867లో గానీ మద్రాసులో వెలుగు చూడలేదు. ఖండన గ్రంథం రాసిన ఏడాదే అచ్చయితే, పరమత వివరణ గ్రంథానికి 154 ఏళ్ళు పట్టింది. రచయిత మనసులో పక్కపక్కనే ఉన్న రెండు వైఖరుల్లో ఏది పాఠకుడికి చేరాలో నిర్ణయించింది సంస్థే. 'క్రైస్తవుల వైఖరి' అని చెప్పేటప్పుడు వ్యక్తినీ సంస్థనూ వేరుచేసి చూడవలసిన అవసరం ఇక్కడ స్పష్టమవుతుంది.

తెలుగులోకి వచ్చిన భాగం

జీగెన్‌బాల్గ్ మరణించిన ఏడాదే తరంగంబాడి చేరిన బెంజమిన్ షుల్జ్ 1726లో మద్రాసుకు మారాడు. ఆ పట్టణంలో తెలుగువారి సంఖ్యను గమనించి తెలుగు నేర్చాడు, వ్యాకరణం రాశాడు, బైబిలు అనువాదానికి పూనుకున్నాడు. 1743లో హాలేకు తిరిగి వెళ్ళి, 1746–47లో తెలుగు అక్షరాలతో పుస్తకాలను అచ్చువేయించాడు. లూథర్ చిన్న ప్రశ్నోత్తర గ్రంథం, 'మోక్షానికి కొంచుబొయ్యే దోవ', 'నూరు జ్ఞాన వచనాలు' ఆ వరుసలోనివి.

ఈ పేర్లలోని పదాలు పరిశీలించదగినవి. 'కొంచుబొయ్యే', 'దోవ' అనేవి వాడుకలోని మాటలు. 'మోక్షం', 'జ్ఞానం' అనేవి శతాబ్దాల తాత్త్విక చర్చలో అర్థం స్థిరపడిన మాటలు. పరమతాన్ని 'అజ్ఞానం' అన్నప్పుడు కూడా జరిగింది ఇదే. అజ్ఞానం అంటే మన దర్శనాల్లో పాపం కాదు, శత్రుత్వమూ కాదు, తొలగించుకోగల ఆవరణ. తన మతాన్ని చెప్పుకోవడానికీ ఎదుటి మతాన్ని తిరస్కరించడానికీ కూడా మిషనరీ ఎదుటి మతం పదజాలాన్నే ఆశ్రయించక తప్పలేదు. 'మోక్షం' అన్న మాట చదివిన తెలుగు పాఠకుడి మనసులో పునర్జన్మ రాహిత్యం మెదలకుండా ఉండదు. ఆ అర్థాన్ని మార్చడానికి ప్రయత్నించవచ్చు గానీ, లేకుండా చేయడం సాధ్యం కాదు.

షుల్జ్‌కు వినే చెవి లేదని చెప్పలేం. మద్రాసు పట్టణ జీవితాన్ని చిత్రించే 30 సంభాషణలను అతడు తెలుగులో రాసి, తానే ఇంగ్లీషులోకి అనువదించి, 1750లో హాలేలో ప్రకటించాడు. పట్టణవాసుల మాటతీరును అతడు పట్టించుకున్నాడనడానికి అవి నిదర్శనం. కానీ తేడా ఇక్కడే ఉంది. తరంగంబాడి లేఖల్లో స్థానికుడు తన విశ్వాసాన్ని తానే సమర్థించుకుంటాడు. షుల్జ్ సంభాషణల్లో మాట్లాడే ఇద్దరి మాటలనూ కూర్చినది షుల్జే. ప్రశ్నోత్తర గ్రంథంలోనైతే జవాబు కూడా ముందే నిర్ణయమై ఉంటుంది. చదువరి దాన్ని వల్లించాలి. తెలుగు అచ్చులోకి మొదట వచ్చినది ఈ రెండో సంప్రదాయమే. ఎదుటివాడు తిరిగి అడిగే అవకాశమున్న మొదటి సంప్రదాయం తమిళ నేల మీద మొదలై జర్మన్ పుటల్లోకి వెళ్ళింది గానీ తెలుగు అచ్చులోకి రాలేదు.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, తరంగంబాడి మిషన్‌లో పరమత గౌరవం, పరమత ఖండన వేర్వేరు వ్యక్తుల లక్షణాలు కావు. ఒకే విశ్వాసం నుంచి పుట్టి ఒకే వ్యక్తిలో కొనసాగినవి. రెండవది, వాటిలో ఏది నిలిచింది అన్నది మిషనరీ సహృదయత కన్నా ప్రచురణ మీద అధికారం ఎవరిదన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడింది. మూడవది, ఒక మతం పరమతంతో ఎలా వ్యవహరించిందో నిర్ణయించడానికి ప్రశంసల్నీ నిందల్నీ లెక్కించడం చాలదు. ఎదుటివాడి సమాధానం నమోదయిందా, అది ఎవరి భాషలో, ఏ పాఠకుడికి చేరిందన్నది కూడా చూడాలి.

ఈ కొలమానంతో చూస్తే 1746 నాటి హాలే పుస్తకాలు తెలుగు ముద్రణకు ఆద్యములే గానీ, మతాంతర సంభాషణకు ఆద్యములు కావు. వాటి చారిత్రక విలువను ఈ నిర్ణయం తగ్గించదు. 'మోక్షం', 'జ్ఞానం' వంటి మాటలు ఆ పుటల్లో ఏ అర్థంతో ప్రవేశించాయో, అనంతర క్రైస్తవ తెలుగు వాఙ్మయంలో ఆ అర్థాలు ఎలా మారాయో పదపదంగా పరిశీలించినప్పుడు, అచ్చులో చోటు దొరకని ఆ సమాధానం ఆనవాళ్ళు భాషలోనే కనిపించే అవకాశం ఉంది.