తేమ చూడని గింజ

మా పెదనాన్న 40 ఏళ్లు తణుకు దగ్గర రైస్‌మిల్లు నడిపాడు. ధాన్యం బండి వచ్చి ఆగగానే గుప్పెడు తీసి, ఒక గింజ పంటికింద పెట్టి కొరికేవాడు. టక్కున విరిగితే సరే. మెత్తగా నలిగిందా, "ఎండబెట్టుకు రండి" అని బండి వెనక్కి తిప్పించేవాడు. పచ్చి ధాన్యం మరలో పోస్తే నూకలే మిగులుతాయి.

అలాంటి మనిషి 71వ ఏట తన ఒంటిని తేమ చూడకుండా మరకు అప్పగించాడు.

ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు. గ్రంథి దాటి పోలేదు. మొదట చూసిన డాక్టరు మంచిమాటే చెప్పాడు. "ఇది చాలామందిలో నెమ్మదిగా పెరిగే జబ్బండి. రెండు మూడు నెలలు ఆగుదాం. ఈలోగా షుగరు దించుకోండి, చుట్ట మానేయండి." మూడు నెలల సగటు షుగరు అప్పటికి 9 దాటి ఉంది. ఆగడమంటే పెదనాన్నకు ఓడిపోవడమే. రోబోతో ఆపరేషన్ చేసే ఇంకో ఆసుపత్రికి వెళ్లాం. "చుట్టా? మానేసి పదేళ్లయింది" అన్నాడు. పక్కన నేనే ఉన్నాను. చొక్కా జేబులో అగ్గిపెట్టె కనబడుతూనే ఉంది. నేను నోరు విప్పలేదు. వాళ్లూ రెట్టించి అడగలేదు.

"మనిషి చెయ్యి వణుకుతుందిరా, మర వణకదు" అన్నాడు ఆ సాయంత్రం. నిజమే. 2000లో అమెరికాలో అనుమతి పొందిన డావిన్సీ లాంటి రోబో అది. కాస్త దూరంలో కూర్చున్న సర్జన్ వేళ్లు కదిపితే లోపల సన్నటి పనిముట్లు కదులుతాయి. రక్తం పెద్దగా పోదు. కానీ ఆ పనికి మనిషిని తలకిందుగా వాల్చి, పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, గంటల తరబడి ఉంచాలి. ఉబ్బిన పొట్ట ఊపిరితిత్తులను నొక్కేస్తుంది. 50 ఏళ్ల చుట్టపొగ తాగిన ఊపిరితిత్తులవి.

1987లో మేరీ చార్ల్‌సన్ అనే అమెరికన్ వైద్యురాలు పాత జబ్బులకు మార్కులు వేసే లెక్క ఒకటి తెచ్చింది. షుగరుకు ఒకటి, ఊపిరితిత్తుల జబ్బుకు ఒకటి, వచ్చిపోయిన గుండెపోటుకు ఒకటి, అలా. మిల్లు చిట్టా లాంటిదే. పెదనాన్నకు మొదటి రెండూ ఉన్నాయి. రెండోది చిట్టాకెక్కలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడోరోజు జ్వరం. ఐదోరోజుకి న్యుమోనియా అన్నారు, ఆక్సిజన్ పెట్టారు. బొడ్డు దగ్గర కోత చీము పట్టింది. షుగరు ఒంట్లో పుండు ఓ పట్టాన మానదు కదా. బస్తాలు భుజాన మోసినవాడు పక్కకు ఒత్తిగిలడానికి నా చెయ్యి పట్టుకున్నాడు. ఒకరాత్రి మాస్కు పక్కకు లాగి, "చుట్ట సంగతి చెప్పాల్సిందిరా" అన్నాడు. నాకు మాట రాలేదు.

22వ రోజు పోయాడు.

పెద్దకర్మ అయ్యాక గల్లాపెట్టెలో కాగితాలు సర్దుతుంటే, తీసిన గ్రంథి మీద వచ్చిన ల్యాబు రిపోర్టు దొరికింది. అంచుల్లో ఎక్కడా క్యాన్సర్ లేదని రాసి ఉంది.