గోడప్రకటనల చిత్రకారుడు



గోడకు అంటించిన ప్రకటన యెదుట మనలో నిలిచి చదువువారు అరుదు. నడచుచునే యొక చూపు చూచి సాగిపోవుదుము. ఆ యొక్క చూపులోనే సంగతి మనసున కెక్కవలెనని శ్రమించిన స్విట్జర్లాండు దేశపు చిత్రకారుని వృత్తాంతమును నేడు మనవి చేసెదను.

యోసెఫ్ మ్యూలర్ 1914లో రాపర్స్‌విల్ అను పట్టణమున జన్మించెను. 1943లో వెరీనా బ్రాక్‌మన్ అను వయొలిన్ విద్వాంసురాలిని వివాహమాడి, ఆమె యింటిపేరును తన పేరునకు జోడించి మ్యూలర్-బ్రాక్‌మన్ అయ్యెను. మన పెద్దలకిది వింతగా తోచును గాని, ఆ దేశమున నిది వాడుకయే.

1936లో జూరిక్ నగరమున చిత్రశాల తెరచిననాడు ఇతడును అందరివలె చేతితో బొమ్మలు గీయువాడే. 1950 ప్రాంతమున ఆ మార్గమును విడిచెను. బొమ్మ సొగసుగా నున్నచో చూచువాడు చిత్రకారుని నేర్పును మెచ్చుకొని, అసలు సంగతి మరచునని యితని తలంపు. అందుచే ఛాయాచిత్రములను, సూటియైన అక్షరములను చేపట్టెను.

ఆ కాలమున అచ్చటి వీథులలో మోటారు బండ్లును, వానితోపాటు ప్రమాదములును పెరుగుచుండెను. 1953లో స్విస్ ఆటోమొబైల్ క్లబ్బువారికై ఇతడు కూర్చిన ప్రకటన ప్రతిని నేనొక గ్రంథమున చూచితిని. అసలు కాగితము సుమారు మూడడుగుల వెడల్పు, నాలుగడుగులకు పైబడిన యెత్తు గలది. ఒక ప్రక్క మోటారు సైకిలు, కాగితమునెల్ల ఆక్రమించునంతటిది. రెండవ ప్రక్క పరుగెత్తుచున్న పసివాడు, గుప్పెడంత. నిజమున అంతటి భేదముండదు, కావలెననియే పెంచినాడు. బిడ్డను కాపాడుడు అని మాత్రమే వ్రాత. రక్తము చూపలేదు, ఏడ్చు తల్లిని చూపలేదు. మరుక్షణమున నేమగునో చూచువాడే తలచుకొనవలెను. నేను పుట మూసిన పిమ్మటను ఆ పసివాడు నన్ను విడువలేదు. బండ్లు గలవారి సంఘమే తమవారిని హెచ్చరించుకొనుట మెచ్చదగినది కాదా?

జూరిక్ సంగీతశాలకును ఇతడు పెక్కు ప్రకటనలు కూర్చెను. 1955లో బీథోవెన్ అను సంగీతకర్త కచేరీకి చేసినదానిలో ఆయన ముఖము లేదు, వాద్యము లేదు. లెక్కప్రకారము వెడల్పు పెరుగుచు పోవు చాపరేఖలే యున్నవి. రొద తగ్గింపుడని 1960లో చేసినదానిలో నొక స్త్రీ రెండు చేతులతో తల పట్టుకొని యుండును.

1996లో ఇతడు మరణించెను. కొన్నినాళ్లు గోడమీద నుండి చిరిగిపోవలసిన ఆ పసివాని ప్రకటన ప్రతి నేడు న్యూయార్కు నగరమందలి ఆధునిక కళాప్రదర్శనశాలలో భద్రముగా నున్నది.