సామర్లకోట తోటలో బదనిక పువ్వు

1795లో లండన్‌లో అచ్చు మొదలైన ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ మొదటి సంపుటంలో ఒక ఆర్కిడ్ బొమ్మ ఉంది. పసుపు కలిసిన ఆకుపచ్చ రేకుల మీద గోధుమరంగు గళ్లు, కింద ఊదా పెదవి. రాసినవాడు స్కాట్లాండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్. పువ్వు మాత్రం మన మామిడి తోపులది.

ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసుకు వచ్చిన రాక్స్‌బర్గ్ 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట వేసి మిరియాలు, కాఫీ పెంచి చూశాడు. మొక్కల తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు, స్థానిక చిత్రకారులతో బొమ్మలు గీయించాడు. 1787 కోరంగి ఉప్పెనలో పుస్తకాలు, సేకరణలు పోయినా మళ్లీ మొదలుపెట్టాడు. మూడు సంపుటాల్లో 300 బొమ్మలు వచ్చాయి. గీసినవారి పేర్లు మాత్రం పుస్తకానికి ఎక్కలేదు. పువ్వులోని ప్రతి గడినీ పట్టుకున్న ఆ చేతులు ఎవరివో తెలిసి ఉండాల్సింది.

ఈ మొక్క నేటి శాస్త్రీయ నామం వాండా టెసెల్లాటా. ఊళ్లలో బదనిక అంటారు. చెట్ల సారం పీల్చే మొక్కలకూ అదే పేరు కావడంతో దీనికి లేనిపోని నింద వచ్చింది. ఇది కొమ్మను పట్టుకుని నిలుస్తుంది, అంతే. వేర్ల మీది తెల్లటి మెత్తని పొర వాననూ మంచునూ పీల్చుకుంటుంది.

ఇలా బయటే ఉండే వేర్లకు గాలి ఆడటం ఎంత అవసరమో ఇంగ్లండులో చాలాకాలం అర్థం కాలేదు. ఉష్ణదేశపు ఆర్కిడ్లన్నింటినీ ఆవిరి కమ్మిన గాజు గదుల్లో మూసిపెట్టి వేలకొద్దీ చంపుకున్నారు. 1830లలో చాట్స్‌వర్త్ తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ గాలి ఆడేలా గదులను నడిపాకే తీరు మారింది.

ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఇబ్రహీంపట్నంలో పెంచేవారికీ ఈ చరిత్ర పనికొస్తుంది. మంచుకొండల ఆర్కిడ్లు ఇక్కడ నిలవవు, మెట్ట అడవుల ఎండకు అలవాటుపడిన వాండా నిలుస్తుంది. మట్టి వద్దు. మామిడి కొమ్మకు పీచుతో కట్టాలి, లేదా బొగ్గు ముక్కలు వేసిన చెక్క బుట్టలో వేలాడదీయాలి. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం షేడ్‌నెట్ నీడ ఉండాలి. వేసవిలో రోజూ ఉదయం వేర్లు పచ్చబడేదాకా తడపాలి. సాయంత్రానికి అవి మళ్లీ తెల్లబడితే గాలి సరిపోతున్నట్టే. ఆకుల మధ్య నీరు నిలిస్తే మొవ్వు కుళ్లుతుంది.

విత్తనాలు పొడిలా ఉంటాయి, శిలీంధ్రం తోడు లేనిదే అడవిలో మొలకెత్తవు. రాస్నా పేరుతో మందుకు వేర్లు, అమ్మకానికి మొక్కలు పీకేసిన చోట మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. అందుకే టిష్యూకల్చర్ మొక్కనే అడిగి కొనాలి.