గర్భిణి, మూర్ఛ, మందు: ఒక చారిత్రక పరిశీలన

గర్భిణికి వచ్చే మూర్ఛలన్నీ ఒకే వ్యాధి కావని వైద్యశాస్త్రం గ్రహించడానికి చాలాకాలం పట్టింది. తెలుగునాట గుర్రపువాతం అనే ఎక్లాంప్సియాను అపస్మారం నుంచి వేరుచేయడానికి గట్టి ఆధారం 1843లో దొరికింది. ప్రసవకాలపు మూర్ఛలు వచ్చిన స్త్రీల మూత్రంలో ఆల్బుమిన్ ఉన్నట్టు లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో జాన్ లీవర్ గమనించాడు. ఇక్కడ పరిశీలిస్తున్నది గర్భానికి ముందూ తరువాతా ఉండే అపస్మారాన్ని.

దానికి పనిచేసిన తొలి ఆధునిక ఔషధాన్ని సూచించినవాడు ప్రసూతి వైద్యుడు కావడం విశేషం. విక్టోరియా రాణికి పురుళ్లు పోసిన చార్లెస్ లోకాక్, నెలసరితో ముడిపడిన మూర్ఛలకు పొటాషియం బ్రోమైడ్ వాడినట్టు 1857లో ఒక వైద్య సభలో చెప్పాడు. కామోద్రేకం మూర్ఛకు కారణమని ఆయన నమ్మాడు. నమ్మకం తప్పు, మందు మాత్రం పనిచేసింది.

1912లో ఫినోబార్బిటాల్, 1938లో ఫెనిటాయిన్ వచ్చాయి. మూర్ఛలు అదుపులోకి వచ్చిన స్త్రీలు తల్లులయ్యారు. ఆ మాత్రలు గర్భస్థ శిశువును ఏంచేస్తాయన్న ప్రశ్న 1961నాటి థాలిడోమైడ్ విషాదం తరువాతే బలపడింది. మూర్ఛమందులు వాడిన తల్లుల బిడ్డలలో గ్రహణమొర్రి వంటి లోపాలు కనిపిస్తున్నాయని 1968లో రాయ్ మెడో 'లాన్సెట్'కు లేఖ రాశాడు. ఫ్రాన్సులో 1967లో విపణిలోకి వచ్చిన వాల్‌ప్రోయేట్‌కూ శిశువుల వెన్నెముక లోపానికీ సంబంధముందని 1982లో లియోన్ నగరపు పరిశోధకులు వెల్లడించారు.

అయితే మందు మానడం పరిష్కారం కాలేదు. హఠాత్తుగా మానితే మూర్ఛలు ఆగకుండా వచ్చి తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయం కలగవచ్చు. కనుక ఏ మందు, ఎంత మోతాదు అన్నదే అసలు ప్రశ్న. విడివిడి నివేదికలు దానికి జవాబివ్వలేవు; చెడు జరిగిన కేసులే వాటికెక్కుతాయి, ఆరోగ్యంగా పుట్టిన బిడ్డను గురించి ఎవరూ రాయరు. అందుకే ఫలితం తెలియకముందే గర్భిణులను నమోదుచేసే రిజిస్ట్రీలు 1990ల ద్వితీయార్థంలో మొదలయ్యాయి. అలాంటి అంతర్జాతీయ రిజిస్ట్రీ 'యూరాప్' 2018లో ప్రకటించిన లెక్కలలో, వాల్‌ప్రోయేట్ ఒక్కటే వాడిన గర్భాలలో పెద్ద అవయవలోపాలు 10.3 శాతం, లామోట్రిజిన్‌తో 2.9 శాతం. మోతాదు పెరిగిన కొద్దీ వాల్‌ప్రోయేట్ ప్రమాదమూ పెరిగింది. గర్భనిరోధక కార్యక్రమంలో చేరకుండా గర్భధారణ వయసు స్త్రీలకు దానిని ఇవ్వరాదని బ్రిటన్ నిబంధన పెట్టింది ఆ ఏడాదే. లియోన్ హెచ్చరికకు అప్పటికి ముప్ఫయ్యారేళ్లు. ఈ జాప్యాన్ని కేవలం శాస్త్రీయ సందిగ్ధతతో సమర్థించడం కష్టం.

భారతదేశంలో తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ 1998లో కేరళ రిజిస్ట్రీని ప్రారంభించింది. పుట్టిన పిల్లల ఎదుగుదలనూ, తెలివితేటలనూ అక్కడ ఏళ్ల తరబడి పరిశీలించారు. ఆ రిజిస్ట్రీలో స్త్రీలు పేరు నమోదు చేయించుకోవడం మొదలైన నాటికి హిందూ వివాహ చట్టం వారికి అనుకూలంగా లేదు. పదేపదే వచ్చే అపస్మారాన్ని వివాహానికి అనర్హతగా 1976 సవరణ చేర్చింది. వ్యాధి చెబితే పెళ్లికి చిక్కు, దాస్తే గర్భకాలపు చికిత్సకు చిక్కు. ఆ మాటను చట్టం నుంచి తొలగించింది 1999లో.