రాగిరేకులపై డాన్ కిహోతే

తామ్రశాసనమనగానే మనకు దానపత్రాలు జ్ఞప్తికి వస్తాయి. ఐరోపాలో అదే రాగిరేకు కథలకు బొమ్మలు సమకూర్చింది. రేకుపై గీతలు చెక్కి, ఆ గాడులలో సిరా నింపి, పైభాగం తుడిచి, తడి కాగితంతో అదిమితే చిత్రం దిగేది.

సెర్వాంతెస్ ‘డాన్ కిహోతే’ (మనలో పలువురు ‘క్విక్సోట్’ అంటారు) 1605లో మాద్రిదులో వెలువడినపుడు అందులో కథాచిత్రాలు లేవు. 1657లో డోర్డ్రెక్టులో అచ్చయిన డచ్చి అనువాదానికి సావెరీ 24 చెక్కడాలు కూర్చాడు. అన్నీ నవ్వులాటలే! 1662 నాటి బ్రస్సెల్స్ స్పానిష్ ప్రతీ ఆ బాటే పట్టింది.

1738లో లండనులో గాలి మళ్ళింది. టాన్సన్‌లు అచ్చువేసిన ఆ స్పానిష్ ప్రతికి వాండర్‌బాంక్ బొమ్మలు గీశాడు. హాస్యచిత్రాలకు పేరొందిన హోగార్త్ చెక్కిన రేకులు అందులో చోటు చేసుకోలేదు. చిత్రాలపై పీఠిక వ్రాసిన ఓల్డ్‌ఫీల్డ్ గాలిమరల పోరును చిత్రించరాదన్నాడు. అది చదువుకోదగినదే కాని చూడదగినది కాదట! పామరుల వెక్కిరింతకు గురైనవాడు పెద్దమనిషి అయ్యాడు. మూలంలో ఒక్క అక్షరమూ మారలేదు సుమండీ.

మన తెలంగాణలో నకాశీలు వ్రాసిన పటం చుట్ట విప్పుతూ కథకుడు కులపురాణం చెప్పేవాడు. అక్కడ బొమ్మ, మాట ఒకే సభలో ఉండేవి. ఇక్కడ చెక్కేవాడు గ్రంథకర్త గతించిన తరువాత వచ్చి, పాఠకుని చెవిలో ముందే వ్యాఖ్య చెప్పాడు.

1780లో స్పానిష్ అకాడెమీ ఇబార్రా ముద్రణాలయంలో నాలుగు సంపుటాలుగా అచ్చువేయించింది. దుస్తులు, ఆయుధాలు ఆ కాలానివే కావాలని పట్టుబట్టింది. అందమైన ప్రతియే, అయినా నాకు సావెరీ మొరటు బొమ్మలలోనే సెర్వాంతెస్ నవ్వు వినిపిస్తుంది.