ట్రాన్స్‌మిషన్ ఇన్‌లైన్ ఫిల్టరు (అమెరికా)

ఆటోమేటిక్ కార్లలో గేర్‌బాక్సు ఆయిల్ వేడెక్కి, రేడియేటర్ దగ్గరున్న కూలర్‌లోకి వెళ్లి, చల్లబడి తిరిగొస్తుంది. ఆ తిరుగు గొట్టం మధ్యలో బిగించే చిన్న డబ్బాయే ఇన్‌లైన్ ఫిల్టరు. చాలా కార్లకు ఇది కంపెనీ అమర్చి ఇచ్చింది కాదు; అమెరికాలో మెకానిక్కులూ, తమ కారు పనులు తామే చేసుకునేవాళ్లూ విడిగా కొని పెట్టుకున్నది. అందుకే దీన్ని ఉత్త హంగుగా కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఎదిగిన క్రమం చూస్తే మాత్రం, మొదటి నుంచీ దాని డిజైనులో ఉండిపోయిన లోటును ఈ డబ్బా పూడుస్తోందని అర్థమవుతుంది.

ఆ లోటు ఫిల్టరు ఉన్న చోటులో ఉంది. పోలికకు ఇంజిన్‌ను చూడండి. ఇంజిన్ ఆయిల్ ఫిల్టరుకు స్వీట్‌లాండ్, గ్రీన్‌హాల్ష్ అనే ఇద్దరు 1923లో ప్యురోలేటర్ పేరుతో పేటెంటు తీసుకున్నారు. అది కూడా తొలిరోజుల్లో అదనపు సామానే, తర్వాత తప్పనిసరైంది. ఇంజిన్‌లో పంపు నెట్టిన ఆయిల్ ఒత్తిడితో ఫిల్టరులోకి వెళ్తుంది కాబట్టి సన్నని వడపోత కాగితాన్నైనా దాటిపోగలదు. గేర్‌బాక్సు సంగతి వేరు. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో తెచ్చిన హైడ్రా-మ్యాటిక్ మొదలు, ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఎక్కువ వాటికి వడపోత పంపుకు ముందే, అడుగునున్న పాన్‌లో ఉంటూ వచ్చింది. పంపు దానిగుండా ఆయిల్‌ను పీల్చుకోవాలి. వడపోత మరీ సన్ననిదైతే, ముఖ్యంగా చలికి ఆయిల్ చిక్కబడినప్పుడు, పంపుకు ఆయిల్ చాలదు. ఒత్తిడి పడిపోయి క్లచ్ ప్లేట్లు జారి కాలిపోతాయి. అందుకని పాన్‌లో మొదట లోహపు జల్లెడలు పెట్టారు, తర్వాత ఫెల్ట్ ఫిల్టర్లు వచ్చాయి. ఎలా చూసినా అక్కడ ఆగేది ముతక తుక్కు. సన్నని ఉక్కు పొడిలో చాలా భాగం ఆయిల్‌తోపాటు తిరుగుతూనే ఉంటుంది.

పాత గేర్‌బాక్సులు ఆ పొడిని కొంత ఓర్చుకున్నాయి, కొత్తవి అంతగా ఓర్చుకోలేవు. క్రిస్లర్ 1978లో, ఇంజిన్‌ను గేర్‌బాక్సుకు కలిపే టార్క్ కన్వర్టర్‌లో లాకప్ క్లచ్ పెట్టింది; అరిగి పొడి రాల్చే భాగం ఇంకోటి చేరింది. అదే కంపెనీ 1989లో తెచ్చిన అల్ట్రాడ్రైవ్ గేర్‌బాక్సులో గేర్లు మార్చే పని కంప్యూటరు, సోలినాయిడ్ల చేతికి పోయింది. సోలినాయిడ్ విద్యుదయస్కాంతం కావడంతో ఉక్కు పొడిని తనవైపే లాక్కుంటుంది. సన్నని వాల్వు ఇరుక్కుంటే గేరు పడదు. ఇంకో ప్రమాదం కూలర్‌లో దాక్కుంటుంది. గేర్‌బాక్సు పాడైనప్పుడు రాలిన తుక్కు కూలర్ సందుల్లో చిక్కుకుని, రీబిల్డ్ చేసి పెట్టిన కొత్త గేర్‌బాక్సులోకి నెమ్మదిగా తిరిగొస్తుంది. తిరుగు గొట్టంలో ఫిల్టరు పెట్టడానికి అన్నిటికన్నా గట్టి కారణం నా దృష్టిలో ఇదే. అక్కడ ఆయిల్‌ను పంపు నెడుతుంది, పీల్చదు. కాబట్టి వడపోత సన్ననిదైనా పరవాలేదు.

ఆస్ట్రేలియాలో పుట్టి అమెరికాలో బాగా ప్రచారమైన మ్యాగ్నఫైన్ దీనికి మంచి నమూనా: లోపల అయస్కాంతం, వడపోత కాగితం, అవి నిండిపోతే ఆయిల్ పక్కనుంచి పోయేందుకు బైపాస్ వాల్వు. వాడేసిన డబ్బాను కోసి చూస్తే అయస్కాంతం చుట్టూ బూడిదరంగు ముద్ద కనిపిస్తుంది. పాన్ ఫిల్టరును దాటిపోయిన ఉక్కు పొడి అది. కార్ల కంపెనీలూ ఈ దారికి వచ్చాయి. 1991 శాటర్న్ కార్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు బయట తిప్పి బిగించే ఫిల్టరు ఇచ్చారు. 1999లో జీప్ గ్రాండ్ చెరోకీలో వచ్చిన 45ఆర్‌ఎఫ్‌ఈ గేర్‌బాక్సులో పాన్ ఫిల్టరు కాక, కూలర్ నుంచి తిరిగొచ్చే ఆయిల్ కోసమే మరొకటి పెట్టారు.

ఫిల్టరు ఆయిల్‌కు అడ్డుపడుతుందన్నది మొదటి అభ్యంతరం. తిరుగు ఆయిలే చాలా గేర్‌బాక్సుల్లో బేరింగులనూ గేర్లనూ తడుపుతుంది కాబట్టి ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన మాట కాదు. బైపాస్ లేని చవక డబ్బాలకు ఇది పూర్తిగా వర్తిస్తుంది. ఉన్నవాటిలోనూ ప్రవాహం కొలిచి చూడాలి. 20 సెకన్లలో ఒక క్వార్ట్, అంటే లీటరుకు కాస్త తక్కువ, రావాలన్నది వర్క్‌షాపుల్లో వాడుకలో ఉన్న లెక్క. లీకు భయం కూడా నిజమే. డబ్బా మీది బాణం గేర్‌బాక్సు వైపు ఉండాలి, హోస్ ఆయిల్‌కు తట్టుకునేదై ఉండాలి, క్లాంపులు బిగువుగా ఉండాలి. హోస్, క్లాంపుల్లో ఏది సరిగా లేకున్నా ఆయిల్ రోడ్డు పాలవుతుంది. వారంటీ పోతుందన్న భయానికి 1975 నాటి మ్యాగ్నసన్-మాస్ చట్టం చాలావరకు జవాబిచ్చింది: బయటి సామాను వాడారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ నిరాకరించకూడదు, నష్టానికి ఆ సామానే కారణమని చూపాలి.

ఫిల్టరు ఉంది కదా అని ఆయిల్ మార్చకపోవడం మాత్రం తప్పు. వేడికి చెడిన ఆయిల్‌ను ఏ కాగితమూ బాగుచేయలేదు, కరిగిపోయిన మలినాలు అందులోంచి దాటిపోతాయి. పైగా కొన్ని కొత్త కార్లలో కూలర్‌ను గేర్‌బాక్సుకే బిగించేస్తున్నారు. కోసి డబ్బా పెట్టడానికి అక్కడ రబ్బరు హోసే ఉండదు. వాటికి వేళకు ఆయిల్ మార్చడమొక్కటే దారి.